నాలుగు రెక్కల కిటికీలు

కోనసీమలో మా తాతయ్య కట్టించిన మండువా లోగిలికి కిటికీలన్నీ నాలుగు రెక్కలవే. పైన రెండు, కింద రెండు. ఆ ఇంట్లో ఒక్క వేసవి గడిపినా చాలు, ఆ ఏర్పాటు ఎందుకో తెలిసిపోతుంది. మధ్యాహ్నం వీధివైపు కింది రెక్కలు మూసి పైవి తెరిచేవాళ్ళు. చాపలేసుకుని నడుం వాల్చిన అత్తలూ పిన్నులూ దారిన పోయేవాళ్ళకు కనబడరు, గాలి మాత్రం ఆగదు. గదిలో వేడెక్కి పైకి లేచిన గాలి మండువాలోకి పోయేది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక కింది రెక్కలూ తెరుచుకునేవి. ఇక అప్పట్నుంచి అవి మా పిల్లల సొత్తు.

గానుగ సున్నంతో కట్టిన లావుపాటి గోడలు. కిటికీ రెక్కలు లోపలికి తెరుచుకుని ఆ గోడ మందంలోనే సర్దుకునేవి. ఊచలు బయటివైపు. మధ్యలో మిగిలిన గట్టు మీద ఇద్దరు పిల్లలం ఎదురెదురుగా కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళం. పుస్తకాలు అక్కడే, మరమరాలు అక్కడే, అలకలూ అక్కడే. ఊచలకు మొహం ఆనించి కూర్చుంటే బుగ్గల మీద చారలు పడేవి.

ఆ కిటికీల చెక్క ఎలా వచ్చిందో నాన్న చెప్పేవారు. భద్రాచలం ఏజెన్సీ అడవుల్లో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలితే, అవి పాపికొండలు దాటి రాజమండ్రి కలప అడితీలకు చేరేవి. తాతయ్య అక్కడికి వెళ్ళి దుంగలు ఎంచుకుని, ధవళేశ్వరం లాకుల మీదుగా కాలువలో పడవ మీద తెప్పించారట. అప్పట్లో బాగా ఉన్నవాళ్ళు రంగూన్ నుంచి ఓడల్లో వచ్చిన బర్మా టేకు వాడేవాళ్ళు. మాది అంత స్తోమత కాదు. అందుకని రెక్కలకు మాత్రం టేకు, చట్రాలకు నల్లమద్ది. నల్లమద్ది బరువు, గట్టిదనం చట్రానికి సరిపోతాయి. రోజూ తీసి మూసే రెక్కకు మాత్రం తేలిగ్గా ఉండి వంకర పోని టేకే కావాలి. డబ్బు తక్కువై చేసిన ఏర్పాటే అయినా, వడ్రంగులు ఇప్పటికీ మంచిదనే చెప్తారు.

దుంగలు రాగానే పని మొదలెట్టేయలేదు. పశువుల పాక పక్కన పందిరి వేసి, గోతి మీద దుంగని పెట్టి, పైన ఒకరు కింద ఒకరు నిలబడి రంపంతో పలకలు కోశారు. ఆ పలకల్ని నీడలో, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో సన్నపు పుల్లలు పెట్టి పేర్చారు. చివర్లు త్వరగా ఆరి పగలకుండా పేడ మెత్తారు. ఏడాది పాటు ఆ దొంతి జోలికి ఎవరూ పోలేదు. “ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు గానీ, కలప ఆరేదాకా కూర్చుని చూడు అని కూడా అనాలిరా” అనేవారట తాతయ్య.

పని చేసింది మా ఊరి వడ్రంగి ఆచారి గారు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన పెద్దవాడు, మాకు ఆచారి తాత. ఆయన ఏ చెక్కనైనా ముందు చివర్న చూసేవాడు. వలయాలు దగ్గర దగ్గరగా ఉన్నాయా, లోపలి ముదురు చెక్క, అదే చేవ, ఎంత, చుట్టూ తెల్లచెక్క ఎంత. తెల్లచెక్కని బాడిసతో నిర్దాక్షిణ్యంగా చెక్కేసేవాడు. పుచ్చు పురుగు ముందు పట్టేది అక్కడే. చేవలో ఉండే నూనే టేకుని చెదల నుంచి కాపాడుతుంది, తెల్లచెక్కలో ఆ రక్షణ లేదు. “ఇదెంత టేకైనా టేకు కాదండీ మామ్మగారూ” అని మా మామ్మతో అనేవాడు. తాజాగా చిత్రిక పట్టిన టేకు పొట్టుకి ఒక వాసన ఉంటుంది, కొంచెం తోలు వాసనలాంటిది. ఆ పొట్టు పోగులో ఆడుకున్నవాళ్ళు ఆ వాసన మర్చిపోలేరు.

వేరే చెక్కల గురించీ ఆయనకు ఖచ్చితమైన అభిప్రాయాలుండేవి. వేప పురుగు పట్టదు, చౌక, కానీ సరిగా ఆరకపోతే మెలి తిరుగుతుంది, అందుకని గుమ్మాలకు సరే, రెక్కలకు వద్దు. వేగిస గట్టిదే గానీ తడిస్తే రంగు దిగి వెల్లగోడ మీద మరకలు చేస్తుంది. పనస చాలా మంచిది, పసుప్పచ్చగా ముద్దొస్తుంది, కానీ “బొబ్బిలి వాళ్ళు వీణలు చేసుకునే చెక్కమ్మా, దాన్ని వానకి పెడతామా” అనేవాడు. మామిడి పేరెత్తితే మాట మార్చేసేవాడు.

ఆయన చేసిన రెక్కల్లో పలకకు ఒక్క మేకు కూడా ఉండదు, జిగురూ ఉండదు. చుట్టూ ఉన్న చట్రంలో గాడి తీసి, పలకని అందులో కాస్త వదులుగా కూర్చోబెట్టేవాడు. చెక్క నిలువునా దాదాపు పెరగదు, అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. దాన్ని మేకులతో బిగిస్తే ఎటూ కదల్లేక పగులుతుంది. వదిలిపెడితే గాడిలోనే తన పాటికి తాను పెరిగి తగ్గుతుంది. మూలల్లో బెజ్జంలోకి చెక్క నాలుక దూర్చి, వెదురు మేకు దిగ్గొట్టేవాడు. ఎప్పుడైనా విప్పాలంటే ఆ వెదురు మేకు తన్నితే చాలు, రెక్క మొత్తం ముక్కలుగా ఊడొస్తుంది, ఒక్క ముక్కా చెడకుండా. ఈ సంగతి ఎంత ముఖ్యమో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు.

గుమ్మం ఎత్తేటప్పుడు ముహూర్తం, పసుపు, కుంకుమ, నవధాన్యాలు అన్నీ ఉంటాయి. కిటికీకి ఏ పూజా లేదు. ఆ లోటంతా మా మామ్మ తీర్చేసేది.

ఏటా ఎండలు ముదిరాక, మామిడికాయ ఊరగాయ పనికి ముందో వెనకో, కిటికీల పని పెట్టుకునేది. ముందు పాత పంచె గుడ్డతో దుమ్ము దులిపించేది. తర్వాత కుంకుడు రసంలో ముంచి పిండిన గుడ్డతో తుడవడం. నీళ్ళు గుమ్మరించి కడగనిచ్చేది కాదు. ఒకటి రెండు రోజులు ఆరాక, ఎక్కడైనా పోగులు లేస్తే ఉప్పు కాగితంతో, చెక్క నార ఎటు పోతే అటే, అడ్డంగా కాదు. ఆ తర్వాత అవిసె నూనె. కాచిన అవిసె నూనెలో కాస్త టర్పెంటైన్ కలిపి, గుడ్డతో పల్చగా పట్టించేది. చెక్క తాగినంత తాగాక, మిగిలినదాన్ని పొడిగుడ్డతో తుడిచెయ్యాల్సిందే. తుడవకపోతే జిడ్డుగా గట్టిపడి దుమ్మంతా పట్టేస్తుంది. “కొబ్బరినూనె రాద్దామా మామ్మా?” అంటే, “అది ఆరదే బుజ్జీ, తలకి రాసుకో” అనేది. కోనసీమలో కొబ్బరినూనెకి కొదవా? అయినా దాని చోటు బందులూ గెడల దగ్గరే. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడే రకం, అందుకే చెక్క మీద పొరలా నిలుస్తుంది.

ఆ గుడ్డల విషయంలో మామ్మ చాలా కఠినంగా ఉండేది. పని కాగానే వాటిని విడివిడిగా దండెం మీద ఆరెయ్యాలి, లేదా నీళ్ళ బకెట్లో పడెయ్యాలి. ఉండచుట్టి మూల పడేస్తే ఊరుకునేది కాదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డల ఉండలో ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకుంటాయి. మామ్మ ఈ కారణం చెప్పలేదు, “అగ్గి పుడుతుంది” అని మాత్రం అనేది. నిజంగానే పుడుతుందని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఇప్పుడు ఇళ్ళలో ఈ నూనె వాడుతున్నవాళ్ళు ఈ ఒక్క జాగ్రత్తా దయచేసి మర్చిపోవద్దు.

ఊచల సంగతి కూడా చెప్పాలి. ఇనుము చెక్కలోకి దిగే చోట, ముఖ్యంగా కింద, వాన నీరు నిలిచి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము లావెక్కి చుట్టూ ఉన్న చెక్కని చీల్చేస్తుంది. అందుకని ఏటా ఆ కిందిభాగం గీకి, ఎర్ర ప్రైమరు వేసి, బెజ్జం చుట్టూ లప్పం పెట్టించేది. సముద్రం గాలికి ఇనప మేకులు ఎంతో కాలం ఆగవని ఆచారి తాత బందులకు ఇత్తడి స్క్రూలే వాడాడు. వాటికోసం కాకినాడ వెళ్ళాల్సొచ్చిందట.

వానాకాలంలో ఒకటో రెండో రెక్కలు పట్టేసేవి. బాబాయి చిత్రిక తెచ్చి అంచు కాస్త తీసేస్తానంటే మామ్మ ససేమిరా ఒప్పుకునేది కాదు. ఇప్పుడు తీస్తే సంక్రాంతి దాటాక సందు పడుతుంది, ఆ సందులోంచి బల్లులూ చీమలూ. అంచున కొవ్వొత్తి రుద్ది ఊరుకునేది. రెక్క ఎక్కడ రాసుకుంటోందో సుద్దముక్కతో గీతపెట్టి ఉంచేది. వేసవిలో కూడా ఆ గీత దగ్గర రాసుకుంటుంటేనే ఆచారి తాతకి కబురు.

1986 ఆగస్టు వరద మా జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు తాకింది. ఆ నీరు దిగువకొచ్చేసరికి మా ఊరు గౌతమి గట్టుకు దగ్గర కాబట్టి చూస్తుండగానే వీధిలోకి, అరుగు మీదకి, గదుల్లోకి వచ్చేసింది. మేం స్కూలు డాబా మీదకు చేరాం. నీరు తీశాక ఇంటికొస్తే కింది రెక్కల సగం దాకా ఒండ్రు గీత. తలుపులన్నీ ఉబ్బి బిగుసుకుపోయాయి. అందరూ వస్తువులన్నీ ఎండలో పడేస్తున్నారు. మేమూ రెక్కలు ఊడదీసి ఎండలో పెట్టబోతుంటే ఆచారి తాత, ఆయన ఇల్లే మునిగిన మనిషి, మోకాలిలోతు బురదలో నడుచుకుంటూ వచ్చాడు. “ఎండలో వద్దండీ అయ్యగారూ, ఒక మొహం ఆరి రెండో మొహం తడిగా ఉంటే విల్లులా వంగిపోద్ది. అలా ఉన్నచోటే తెరిచి వదిలేయండి. ఒండ్రు మాత్రం మంచినీళ్ళతో కడిగేయండి” అన్నాడు. అలాగే చేశాం. ఆ కిటికీలు ఆరడానికి దసరా దాటింది. గాడుల్లో ఇరుక్కున్న ఇసుకని మామ్మ దబ్బనంతో గీకి తీసింది. అన్ని కిటికీల్లోనూ ఒకే ఒక్క పలక చెడింది. ఆచారి తాత వెదురు మేకు తన్ని, ఆ పలక మార్చి, మళ్ళీ బిగించాడు. రెక్క అదే, చట్రం అదే.

పదేళ్ళకు 1996 నవంబరు 6 తుఫాను. ఆ రాత్రి కిటికీల వెనక రోకళ్ళు అడ్డంపెట్టి, వంతులవారీగా వీపు ఆనించి కూర్చున్నారు మగవాళ్ళు. తెల్లారేసరికి కొబ్బరితోటలు నేలమట్టం. పెంకులు సగం పోయాయి, కిటికీలు నిలిచాయి. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఆ తుఫాను తర్వాత ఊళ్ళలో ఒక సంగతి చూశాను. పడిపోయిన చెట్లు ఎక్కడ చూసినా ఉన్నాయి. చాలామంది వాటిని మిల్లుకు తోలించి, పచ్చి చెక్కతోనే హడావుడిగా తలుపులూ కిటికీలూ చేయించుకున్నారు. అవసరం అలాంటిది, తప్పు పట్టలేం. కానీ రెండు వేసవులు తిరిగేసరికి వాటిలో చాలా వంకర్లు పోయాయి. తాతయ్య ఎదురుచూసిన ఆ ఏడాది విలువ అప్పుడు బాగా తెలిసింది.

మామ్మ పోయాక, నాన్న వయసు మీదపడ్డాక, ఆ ఇల్లు విప్పక తప్పలేదు. కొనేవాళ్ళు కిటికీలన్నీ గంపగుత్తగా అడిగారు. నేనివ్వలేదు. అందులో కొన్ని హైదరాబాదులో మేం కట్టుకుంటున్న ఇంటికి తెచ్చుకున్నాం. విప్పేటప్పుడు గునపంతో పెరకబోతే ఆపించి, ముందు రెక్కలు తీయించి, ప్రతి రెక్క వెనకా చట్రం లోపలా సుద్దతో ఒకే అంకె వేయించాను. ఒక కిటికీ రెక్క ఇంకో చట్రంలో సరిగ్గా కూర్చోదు. ఇన్నేళ్ళుగా ఏ రెక్క ఏ చట్రంతో అరిగిందో దానికే అలవాటు పడి ఉంటుంది. చట్రాలు వంగకుండా మూలల్లో అడ్డపట్టీలు కొట్టి లారీ ఎక్కించారు.

వాటి మీద పొరలు పొరలుగా ఆకుపచ్చ ఎనామిల్ రంగు, దానికింద నీలం, దానికింద ఇంకేదో. నాన్న హయాంలో నూనె మానేసి రంగు వేయించడం మొదలైంది. ఆ రంగు తీయించేటప్పుడు పొడిగా రుద్దనివ్వలేదు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమలుకొచ్చింది 2017లో. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ దుమ్ము పిల్లలున్న ఇంట్లో ఎగరకూడదు. తడిపి రుద్దించి, ఆ ముద్దంతా కాగితాల్లో పోగుచేసి, ఇంటి బయట పని చేయించాను. పని చేసేవాళ్ళకు మాస్కులు ఇచ్చాం. రంగు పోయాక లోపల్నుంచి తేలిన చెక్క చూసి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కొత్త టేకులో ఎక్కడా కనబడని ముదురు తేనెరంగు.

పాతవి అన్ని గదులకూ చాల్లేదు, మిగిలినవాటికి కొత్త చెక్క కొనాల్సొచ్చింది. ఇప్పుడు టేకు కొనడం తాతయ్య కాలంలోలా కాదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశాలతో అడవుల్లో నరికివేతకు గట్టి కళ్ళెం పడింది. అది అవసరమే, అడవులు మిగలాలి కదా. 2014 ఏప్రిల్ నుంచి బర్మా కూడా దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు డిపోల్లో ఎక్కువగా కనిపించేది ఆఫ్రికా నుంచో దక్షిణ అమెరికా నుంచో వచ్చే తోటల టేకు. త్వరగా పెరిగిన చిన్న వయసు చెట్లు కాబట్టి వలయాలు దూరదూరంగా, తెల్లచెక్క ఎక్కువగా ఉంటుంది. అదీ టేకే, కానీ చూసి తీసుకోవాలి. డిపోలో పాలిష్ పెట్టిన నమూనా చూపిస్తే నేను దుంగ చివర చూపించమన్నాను. తెల్లచెక్క మీద రంగు పూసి చేవలా కనిపించేట్టు చేయడం చాలా తేలిక, చివర్న మాత్రం దాగదు. తేమ కొలిచే చిన్న పరికరం ఒకటి దొరుకుతుంది, రెండు సూదులు చెక్కలోకి గుచ్చితే అంకె చూపిస్తుంది. 12 శాతానికి అటూ ఇటూ ఉన్న పలకలే ఏరుకున్నాం.

ఇక్కడ మాకు దొరికిన వడ్లాయన మంచి పనివాడు. మేకులు లేని పలక చూపించి “ఇట్లనే చేస్తవా అన్నా?” అంటే, “మా నాయన ఇట్లనే చేస్తుండె” అన్నాడు. చట్రాలు గోడలో పెట్టేముందు ఇటుకకు తగిలే మూడు వైపులా తారు పూశాడు. గోడలోని తేమ చెక్కలోకి దిగకుండా అదే అడ్డు. కింది అడ్డచెక్క అడుగున, బయటి అంచు దగ్గర, సన్నటి గాడి తీయమన్నాను. వాన నీరు చెక్క కిందినుంచి పాకుతూ గోడలోకి పోకుండా ఆ గాడి దగ్గర తెగి కిందపడుతుంది.

ఇంకో పట్టుదల పట్టింది కిటికీల పై సన్‌షేడ్ దగ్గర. మేస్త్రీ ఒక అడుగు చాలన్నాడు. నేను రెండడుగులకు తగ్గలేదు. మా ఊరింటి కిటికీలు అన్నేళ్ళు నిలిచాయంటే నల్లమద్దీ టేకూ ఎంత కారణమో, అరుగు దాకా దిగిన ఆ పెంకుల చూరూ అంతే కారణం. మామూలు వానకి ఊచలు తడిసేవి గానీ రెక్కలు తడిసేవి కావు. ఎంత మంచి చెక్కయినా నెత్తిన నీడ లేకపోతే ఏటా తడిసి ఎండి పాడవుతుంది. కొత్త ఇళ్ళకు చదునైన గోడ మీద చెక్క కిటికీ పెట్టి, నాలుగేళ్ళకే “చెక్క మంచిది కాదు” అనేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ కిటికీలు పెట్టించుకోమని చాలామంది చెప్పారు. దుమ్మూ రొదా బాగా ఆపుతుంది, ఏసీ గదికి సుఖం, ఏటా నూనె పని లేదు. మా పడగ్గది ఒకదానికి అదే పెట్టించాం. దోమల బాధకు చెక్క కిటికీలన్నిటికీ బయటివైపు, ఊచలకు ఆనించి, విడిగా తీసి కడుక్కునే జాలీ చట్రాలు కూడా చేయించాం. మామ్మ ఉంటే ఆ జాలీకి ఒప్పుకునేదే అనుకుంటాను. అయినా చెక్క కిటికీని నేను ఇష్టపడేది ఒక్క కారణానికే. చెడిన ముక్క చెడినంత మేర తీసి, కొత్త ముక్క అతికి, మళ్ళీ వాడుకోవచ్చు. మా వీధి గది కిటికీలో తాతయ్య నాటి నిలువు చెక్కలున్నాయి, వరద తర్వాత ఆచారి తాత మార్చిన పలక ఉంది, వడ్లాయన అతికిన మూల ఉంది. నాలుగో తరం పిల్లలు ఆ గట్టు మీద కూర్చుంటున్నారు.

ఈ ఏడు నూనె పని చేస్తూ దబ్బనంతో గుచ్చి చూస్తే, పడమటి కిటికీ కింది అడ్డచెక్క ఒక చోట మెత్తగా తగిలింది. ఊచ దిగే బెజ్జం దగ్గరే, మామ్మ ఎప్పుడూ చూపించే చోటే. నల్లమద్ది ముక్క కోసం వెతకక్కర్లేదు, ఊరింటి చట్రాల్లో వాడకుండా మిగిలినది మెట్ల కింద దాచి ఉంచాను. వడ్లాయనకు ఫోన్ చేస్తే వానలు వెనకబట్టి చెక్క పూర్తిగా ఆరాక, దీపావళి తర్వాత వస్తానన్నాడు. అప్పటిదాకా అక్కడ నీరు నిలవకుండా బెజ్జం చుట్టూ లప్పం పెట్టి ఉంచాం.